రోచ్‌డేల్ చావుల పద్దు

దుమ్ము చరిత్ర: ఆరో భాగం

సహకార శాఖలో ఉద్యోగానికి పరీక్ష రాసినవాళ్లకి రోచ్‌డేల్ పేరు గుర్తుండే ఉంటుంది. మాంచెస్టరుకు కాస్త దూరంలో ఉన్న నూలుమిల్లుల ఊరు అది. 1844లో అక్కడి నేతగాళ్లు, చేతిపనులవాళ్లు ఇరవై ఎనిమిది మంది తలా కాస్త పోగేసుకుని ఒక కొట్టు తెరిచారు. సరుకులో కల్తీ ఉండకూడదు, తూకం తగ్గకూడదు, మూడు నెలలకోసారి జమాఖర్చులు సభ్యులందరి ముందూ పెట్టాలి అని నియమాలు రాసుకున్నారు. మన చేనేత సంఘాలు, పాల సంఘాలు వంశం వెతుక్కుంటే ఆ కొట్టు దగ్గరికే చేరతాయి.

ఈ వారం చెప్పుకునేది ఆ ఊళ్లోనే తయారైన ఇంకో పద్దు గురించి. అది చనిపోయిన కార్మికుల పద్దు. 1955లో అచ్చయిన ఆ పద్దును లోకం ముందు పెట్టవద్దని ఫ్యాక్టరీ యాజమాన్యం గట్టిగా పట్టుబట్టింది.

ఇప్పటిదాకా ఈ వ్యాసాల్లో బొగ్గు దుమ్ము చూశాం, పలుగురాతి దుమ్ము చూశాం. ఇవాళ్టిది రాతినార. ఆస్‌బెస్టాస్‌కి తెలుగులో ఎప్పటినుంచో ఉన్న మాట ఇది. ఎవరు పెట్టారో గానీ, రాయి ముక్కను ఒకసారి చేత్తో పట్టుకుంటే ఇంకో పేరు తోచదు. కడప జిల్లాలో పులివెందుల చుట్టుపక్కల, బ్రాహ్మణపల్లి వైపు దీని గనులు ఉండేవి. వేంపల్లె సున్నపురాతి పొరల్లోకి భూమి అడుగునుంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చిన చోట పుట్టిన ఖనిజమిది. పాలిపోయిన ఆకుపచ్చ రాయి మధ్యలో వేలెడు వెడల్పు కూడా లేని తెల్లని చార ఉంటుంది, పట్టులా నిగనిగలాడుతూ. ఆ చారను గోటితో గీరండి, పోగు లేస్తుంది. పోగును రెండు వేళ్ల మధ్య నలిపితే పది పోగులవుతుంది. ఇంకా నలిపితే దూదిపింజలా ఉబ్బుతుంది. దీపం మీద పెట్టినా కాలదు. నలిపేకొద్దీ ఇంకా సన్నంగా చీలుతూ పోవడమే దీని గుణం. కంటికి కనిపించడం మానేసిన తర్వాత కూడా చీలుతుంది. చివరికి మిగిలే పోగు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా సన్నం.

రాయిలా కాలదు, నూలులా నేయవచ్చు. ఆవిరి యంత్రాల కాలంలో ఇంతకన్నా వరం ఏముంటుంది? బాయిలర్లకి తొడుగులు, ఆవిరి గొట్టాలకి చుట్టలు, నాటకశాలలకి నిప్పంటని తెరలు, తర్వాత మోటారుబళ్లకి బ్రేకు లైనింగులు. రోచ్‌డేల్‌లో టర్నర్ సోదరులు 1871లో కంపెనీ పెట్టారు, 1879లో యంత్రపు మగ్గాల మీద రాతినార బట్ట నేయడం మొదలుపెట్టారు. నూలుమిల్లుల ఊరు కదా, యంత్రాలూ పనివాళ్లూ చేతికందే దూరంలోనే ఉన్నారు. సంచులు విప్పడం, చితక్కొట్టడం, ఏకడం, వడకడం, నేయడం, పని వరస అంతా పత్తి పనే. పత్తి ఏకుతుంటే లేచే నుసే మనిషిని దగ్గిస్తుంది. అదే యంత్రంలో రాయిని ఏకితే ఏం లేస్తుందో ఆలోచించండి.

ఆలోచించినవాళ్లు లేకపోలేదు. 1898లోనే బ్రిటిష్ ఫ్యాక్టరీల మహిళా ఇన్‌స్పెక్టరు లూసీ డీన్ ఈ దుమ్మును సూక్ష్మదర్శిని కింద పెట్టించింది. కణాలు పగిలిన గాజుపెంకుల్లా మొనదేలి ఉన్నాయని, ఇది ఆరోగ్యానికి చేటని ప్రభుత్వ నివేదికలో రాసింది. మరుసటి ఏడాది లండన్ చేరింగ్ క్రాస్ ఆసుపత్రికి ఆయాసంతో ఒక కార్మికుడు వచ్చాడు. ముప్ఫై మూడేళ్ల మనిషి. తాను పనిలో చేరేనాటికి ఏకుడు గదిలో పది మంది ఉండేవాళ్లని, వాళ్లలో ఇప్పుడు తానొక్కడే మిగిలానని డాక్టర్ మాంటేగ్ మర్రేతో చెప్పాడు. ఎక్కువమంది ముప్ఫై ఏళ్ల ప్రాయంలోనే పోయారట. కొన్నాళ్లకి అతనూ పోయాడు. 1906లో మర్రే ఈ సంగతిని ప్రభుత్వ కమిటీ ముందు సాక్ష్యంగా చెప్పాడు. ఆ పది మంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

పేరు నమోదైన మొదటి మనిషి నెల్లీ కెర్షా. పన్నెండేళ్లకే మిల్లు పనికి పోయింది. 1917 నుంచి టర్నర్ బ్రదర్స్‌లో రాతినార వడికేది. 1922లో ఊరి డాక్టరు ఆమె పనికి పనికిరాదని, కారణం ఆస్‌బెస్టాస్ విషమని పత్రం రాసిచ్చాడు. బీమా సంఘం వాళ్లు ఇది ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బు కనుక కంపెనీయే చూసుకోవాలన్నారు. కంపెనీ అలాంటి జబ్బు చట్టం జాబితాలోనే లేదంది. తొమ్మిది వారాలుగా ఇంట్లో పడి ఉన్నాను, ఒక్క పెన్నీ అందలేదు, నా సంగతి ఏం చేస్తారు అని నెల్లీ కంపెనీకి ఉత్తరం రాసింది. ఆమె 1924 మార్చి 14న చనిపోయింది. వయసు ముప్ఫై మూడు. అంత్యక్రియల ఖర్చు ఇస్తే రేపు అందరికీ ఇవ్వాల్సి వస్తుందని కంపెనీ ఆ డబ్బు కూడా ఇవ్వలేదు. రోచ్‌డేల్ శ్మశానంలో పేరు చెక్కని సమాధిలో ఆమెను పెట్టారు.

ఆమె ఊపిరితిత్తులను డాక్టర్ విలియం కుక్ పరీక్షించాడు. పాత క్షయ మచ్చలు ఉన్న మాట నిజమేననీ, చంపింది మాత్రం రాతినార దుమ్మేననీ తేల్చాడు. ఆ ఏడాది జూలైలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సంగతి అచ్చయింది. 1927లో ఆయనే జబ్బుకు పేరు పెట్టాడు: ఆస్‌బెస్టోసిస్. మెత్తటి స్పంజిలాంటి ఊపిరితిత్తి ఎండిన తోలులా గట్టిపడి, పీల్చిన గాలిని రక్తానికి అందించలేకపోవడం ఈ జబ్బు.

ఆ తర్వాత ప్రభుత్వం కదిలింది. ఫ్యాక్టరీల వైద్యాధికారి మెరివెదర్, ఇంజనీరు ప్రైస్ 363 మంది కార్మికులను పరీక్షించి 1930లో నివేదిక ఇచ్చారు. నలుగురిలో ఒకరికి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఇరవయ్యేళ్లు దాటి పనిచేసినవాళ్లలో అయిదుగురిలో నలుగురికి. 1932 మార్చి నుంచి దుమ్ము నియంత్రణ నియమాలు వచ్చాయి. యంత్రాల మీద దుమ్మును లాగేసే గొట్టాలు పెట్టాలి, కార్మికులకు వైద్య పరీక్షలు చేయించాలి, జబ్బుపడితే పరిహారం ఇవ్వాలి.

ఇక్కడిదాకా వచ్చినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మాట ఎక్కడా రాలేదని పాఠకులు గమనించే ఉంటారు. రాకపోవడానికి కారణం నెల్లీ కెర్షా వయసులోనే ఉంది. ఈ పోగులు ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లాక అక్కడ కాపలా కాసే కణాలు వాటిని మింగి శుభ్రం చేయాలని చూస్తాయి. పోగు కణం కన్నా పొడుగు. మింగుడు పడదు, కరగదు. సగం మింగిన కణం చస్తూ చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చే రసాయనాలు వదులుతుంది. మళ్లీ ఇంకో కణం వస్తుంది, మళ్లీ అదే కథ. ఏళ్ల తరబడి ఆరని పుండు. అక్కడ కణాలు మళ్లీ మళ్లీ పుట్టాలి, పుట్టిన ప్రతిసారీ లోపలి జన్యు రాతలో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. ఆ తప్పులు పోగై క్యాన్సర్ కావడానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లు పడుతుంది. మర్రే చెప్పిన ఆ గదిలోని పది మందికి అంత ఆయుష్షు లేదు. నెల్లీకీ లేదు. ఊపిరాడకుండా చేసే మొదటి జబ్బే వాళ్లను త్వరగా తీసుకుపోయింది. దుమ్ము కొంత తగ్గి, మనుషులు యాభై అరవై ఏళ్లు బతకడం మొదలైన తర్వాతే రెండో జబ్బు బయటపడింది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే. బతికించడానికి చేసిన మొదటి ప్రయత్నం వల్లనే అసలు ప్రమాదం ఎంతో తెలిసింది.

తెలియడం కూడా చుక్కచుక్కగా తెలిసింది. 1935లో అమెరికాలో లించ్, స్మిత్ అనే ఇద్దరు, అదే ఏడాది ఇంగ్లండులో గ్లోయిన్, ఆస్‌బెస్టోసిస్ ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డలు కనిపించాయని రాశారు. ఒకటి రెండు శవపరీక్షలు, అంతే. జర్మనీ డాక్టర్లు ఇంకాస్త ముందుకు వెళ్లారు. 1943లో, యుద్ధం మధ్యలో, ఆస్‌బెస్టోసిస్‌తో కూడిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను వృత్తి వల్ల వచ్చే జబ్బుగా అక్కడి ప్రభుత్వం గుర్తించింది. నాజీల నాటి జర్మన్ వైద్యాన్ని బయటివాళ్లు యుద్ధం తర్వాత పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో సారనాక్ ప్రయోగశాలకు రాతినార కంపెనీలే డబ్బిచ్చి పరిశోధన చేయించుకున్నాయి. అక్కడ గార్డ్‌నర్ అనే శాస్త్రవేత్త ఈ దుమ్ము పీల్పించిన పదకొండు ఎలుకల్లో ఎనిమిదింటికి క్యాన్సర్ వచ్చిందని 1943లో గుర్తించాడు. ఆయన 1946లో పోయాడు. ఆ పరిశోధన 1951లో అచ్చయ్యేసరికి అందులో క్యాన్సర్ మాట లేదు.

ఇంగ్లండులో మెరివెదరే మళ్లీ లెక్క తీశాడు. 1924 నుంచి 1946 దాకా ఆస్‌బెస్టోసిస్‌తో చనిపోయినవాళ్లు 235 మంది. వాళ్లలో 31 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఉంది, అంటే నూటికి పదమూడు మందికి. పలుగురాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌తో పోయినవాళ్లలో అది నూటికి ఒకరికి మించి కొంచెమే. రెండూ ఊపిరితిత్తులను గట్టిపరిచే దుమ్ములే. అయినా ఇంత తేడా. అనుమానించడానికి ఇది చాలు. కానీ కంపెనీలకు ఒక జవాబు మిగిలే ఉంది: శవపరీక్షకు వచ్చేవి రోగుల శవాలే కదా, బయట ఆరోగ్యంగా ఉన్న వందలమంది సంగతేమిటి?

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే పోయినవాళ్లతో పాటు బతికున్నవాళ్లనీ లెక్కలోకి తేవాలి. ఆ జాబితా కంపెనీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు.

టర్నర్ బ్రదర్స్ కంపెనీ డాక్టరు జాన్ నాక్స్‌కు తన దగ్గర పోగవుతున్న శవపరీక్షల ఫలితాలు చూసి మనసులో అనుమానం మొదలైంది. లెక్కలు తెలిసిన మనిషి కోసం వెతికి రిచర్డ్ డాల్‌ను పిలిచాడు. అప్పటికి డాల్ పేరు వైద్యలోకంలో అందరికీ తెలుసు. 1950లో బ్రాడ్‌ఫర్డ్ హిల్‌తో కలిసి సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ముడి ఉందని చూపించినవాడు. ఆ లెక్కలు చేస్తుండగానే తన సిగరెట్టు తాను మానేసినవాడు. కొత్త కారణాన్ని తేలిగ్గా నమ్మే మనిషి కాదు.

ముందు శవపరీక్షలు చూశాడు. రాతినార పనిచేసి పోయిన 105 మందిలో 18 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉంది. ఆ 18 మందిలో 15 మందికి ఆస్‌బెస్టోసిస్ కూడా ఉంది. తర్వాత అసలు పని మొదలుపెట్టాడు. దుమ్ముండే చోట కనీసం ఇరవయ్యేళ్లు పనిచేసిన మగవాళ్లు 113 మంది పేర్లు ఫ్యాక్టరీ రికార్డుల నుంచి రాసుకున్నాడు. ఆడవాళ్లు లేరు. నెల్లీ లాంటివాళ్లు ఈ పద్దులోకి రాలేదు.

డాల్ చేసిన లెక్కను కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఆ తర్వాత ప్రపంచమంతా చేసింది దాదాపు ఇదే లెక్క. ఒక మనిషిని తీసుకోండి. ఒక ఏడాది అతని వయసు యాభై రెండనుకుందాం. ఆ ఏడాది దేశంలో యాభై రెండేళ్ల మగవాళ్లలో ఎంతమంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారో జనాభా లెక్కలు చెబుతాయి. ఉదాహరణకు రెండు వేలలో ఒకరు. అప్పుడు ఇతని పేరు పక్కన రెండు వేలలో ఒక వంతు అని రాయాలి. మరుసటి ఏడాది యాభై మూడేళ్లవాళ్ల లెక్క చూసి ఇంకో భిన్నం రాయాలి. అతను బతికున్న ప్రతి ఏడాదికీ, అలాగే 113 మందికీ. చివర్లో భిన్నాలన్నీ కూడితే, వీళ్లు కూడా దేశంలో అందరిలాంటి మగవాళ్లే అయ్యుంటే ఎంతమంది పోవాలో తేలుతుంది.

తేలిన లెక్క 0.8. అంటే నిండా ఒక మనిషి కూడా కాదు. పోయినవాళ్లు పదకొండు మంది.

అన్ని కారణాలతో కలిపి పోవాల్సినవాళ్లు 15.4, పోయినవాళ్లు 39. పదకొండు క్యాన్సర్లూ సూక్ష్మదర్శినిలో ఖాయమైనవే. ఆ పదకొండు మందికీ ఆస్‌బెస్టోసిస్ ఉంది. ఇరవయ్యేళ్లు ఆ దుమ్ములో పనిచేసిన మగవాడికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మామూలు జనం కన్నా పదింతలు అని డాల్ రాశాడు.

వాళ్లు సిగరెట్లు కాల్చలేదా అని అడగవచ్చు. కాల్చే ఉంటారు. కానీ వాళ్లను పోల్చింది ఆ కాలపు ఇంగ్లండు మగవాళ్లతో, వాళ్లలో పొగతాగనివాళ్లను వెతుక్కోవాలి. అందరూ తాగుతున్న దేశంలో ఈ 113 మందే పదింతలు చచ్చిపోవడానికి సిగరెట్టు ఒక్కటే చాలదు.

ఈ వ్యాసం అచ్చు కాకూడదని కంపెనీ పెద్దలు అనుకున్నారు. ఆపించడానికి ప్రయత్నించారు. రికార్డులు మావి, డాక్టరు మా జీతగాడు అన్నది వాళ్ల ధీమా. నాక్స్ తన పేరు పెట్టుకోలేకపోయాడు. డాల్ వెనక్కి తగ్గలేదు. 1955లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఇండస్ట్రియల్ మెడిసిన్‌లో ఆయన ఒక్కడి పేరుతో ఆరు పేజీల వ్యాసం వచ్చింది. నాక్స్ గురించి నాకు జాలీ, గౌరవమూ రెండూ ఉన్నాయి. ఆ తలుపు తీసింది ఆయనే. డాల్‌ను పిలవకుండా నోరు మూసుకుని ఉద్యోగం చేసుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.

ఆ వ్యాసంలోని ఒక మాట మాత్రం కంపెనీలకు చాలాకాలం గొడుగు పట్టింది. రెండు జబ్బులూ ఉన్నవాళ్లంతా 1923కు ముందు పనిలో చేరినవాళ్లే, పాత దుమ్ము రోజుల్లో పనిచేసిన కాలం తగ్గేకొద్దీ ముప్పూ తగ్గుతోంది అని డాల్ రాశాడు. చేతిలో ఉన్న లెక్క వరకు అది నిజమే. ఇప్పుడు దుమ్ము లేదు, ఆ కథ అయిపోయింది అని కంపెనీలు దాన్ని చదువుకున్నాయి. కానీ దుమ్ము నియమాలు అమల్లోకి వచ్చాక, అంటే 1933 తర్వాత చేరినవాళ్లకి 1955 నాటికి ఎన్నేళ్లు గడిచాయి? మహా అయితే ఇరవై రెండు. ఈ జబ్బు ఎంత నిదానంగా వస్తుందో పైన చూశాం. అదే ఫ్యాక్టరీ కార్మికుల మీద తర్వాతి దశాబ్దాల్లో చేసిన లెక్కల్లో, నియమాలు వచ్చాక చేరినవాళ్లలో కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉందని తేలింది. బ్రిటన్‌లో ఆస్‌బెస్టోసిస్‌తో వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పరిహారమిచ్చే వృత్తి వ్యాధిగా చేర్చింది 1985లో. డాల్ వ్యాసం వచ్చి అప్పటికి ముప్ఫై ఏళ్లు.

సిగరెట్టు లెక్క పూర్తిగా విడిపోయింది అమెరికాలో. సెలికాఫ్, హామండ్ అనే ఇద్దరు వేలాదిమంది ఇన్సులేషన్ కార్మికులను ఏళ్లపాటు గమనించి 1979లో నాలుగు అంకెలు ఇచ్చారు. ఏడాదికి లక్ష మందిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయేవాళ్లు: రాతినార పనీ సిగరెట్టూ రెండూ లేనివాళ్లలో 11 మంది, రాతినార మాత్రమే ఉన్నవాళ్లలో 58, సిగరెట్టు మాత్రమే ఉన్నవాళ్లలో 123, రెండూ ఉన్నవాళ్లలో 602. రెండు ముప్పులు కూడుకుంటే నూట డెబ్బై దగ్గర ఆగాలి. ఆగలేదు, ఒకదాన్ని ఒకటి హెచ్చించుకున్నాయి. నువ్వు సిగరెట్టు కాల్చావు కనుక తప్పు నీదే అని కార్మికుడితో వాదించేవాళ్లు మొదటి రెండు అంకెలు చూడాలి. సిగరెట్టు ముట్టనివాడికి కూడా రాతినార ముప్పును అయిదింతలు చేసింది.

ఇక మన సంగతి. కొత్త రాతినార గనులకు లీజులివ్వడం భారత ప్రభుత్వం 1986లో ఆపింది, ఉన్నవాటిని పొడిగించడం 1993లో ఆపింది. పులివెందుల గనులు అలా మూతపడే దారి పట్టాయి. రాతినార వాడకం మాత్రం ఆగలేదు. విదేశాల నుంచి, ఎక్కువగా రష్యా నుంచి, తెచ్చుకుని సిమెంటులో కలిపి రేకులు చేస్తున్నాం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల రాతినారనూ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. బ్రిటన్ 1999లో, ఒకప్పుడు దీన్ని ప్రపంచానికి తవ్విపోసిన కెనడా 2018లో నిషేధించాయి. మన ఊళ్లల్లో రేకుల ఇల్లు, రేకుల షెడ్డు అంటే ఇప్పటికీ చాలాచోట్ల ఈ రేకులే. కదలకుండా పడి ఉన్న రేకులో నార సిమెంటులో కట్టుబడి ఉంటుంది. దాన్ని రంపంతో కోసేటప్పుడు, బోల్టుకి బెజ్జం వేసేటప్పుడు, పాతదాన్ని ఊడబెరికి కింద పడేసేటప్పుడు లేచే తెల్లటి పొడి సంగతి వేరు. ఎండలో పైకప్పు మీద గొంతుక్కూర్చుని, భుజం మీది తువ్వాలు కూడా ముక్కుకు కట్టుకోకుండా రేకు కోసే మేస్త్రీని మనమంతా చూశాం. అతని పేరు ఏ ఫ్యాక్టరీ పద్దులోనూ లేదు.

పద్దులో ఉన్నవాళ్ల కోసం సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఒక తీర్పు ఇచ్చింది. అహ్మదాబాద్‌లోని ఒక వినియోగదారుల సంస్థ వేసిన కేసు అది. తీర్పు రాసింది అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి, రాతినార పరిశ్రమలకు కొన్ని ఆదేశాలు ఇచ్చారు. కార్మికులందరికీ బీమా ఉండాలి, జబ్బు ఖాయమైనవాళ్లకు లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలి. ఈ రెండూ పత్రికల్లో వచ్చాయి. నా కళ్లకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది మూడోది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ అతను పనిలో చేరిన నాటి నుంచి నలభై ఏళ్లు, లేదా పని మానేసిన తర్వాత పదిహేనేళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం, యాజమాన్యం భద్రంగా ఉంచాలి. తీర్పు వచ్చిన ఏడాది రేకుల ఫ్యాక్టరీలో చేరిన ఇరవయ్యేళ్ల కుర్రాడి పేజీ ఆ లెక్కన కనీసం 2035 దాకా ఉండాలి.

(వచ్చే వారం: పేటర్సన్ పట్టణం, క్షయ రోగుల డాక్టర్ సెలికాఫ్)